ఎల్లాజీ భుజం

గాజువాక,
6–12–1978, బుధవారం.

ప్రియమైన మా వారికి,

ప్రభువు నామంలో వందనాలు చెప్పి దేవకుమారి రాస్తున్న సంగతులు. నేను, అత్తయ్య, పిల్లలిద్దరూ ఆయన దయవల్ల బాగానే ఉన్నాం. మీరూ బాగున్నారని రాశారు. చదివాను గాని పూర్తిగా నమ్మలేదు. నిజంగా బాగున్న మనిషి ఒకే పేజీలో రెండుసార్లు 'నేను బాగున్నాను' అని రాయడు.

మీ ఉత్తరం శనివారం అందింది. అత్తయ్యకి చదివి వినిపించాను. బెంగుళూరు లాడ్జిలో సాంబారు అద్భుతంగా ఉందని రాసిన చోట ఆవిడ కళ్లు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు. ఇంట్లో వరసగా రెండు పూటలు చేప లేకపోతే కంచం ముందు మూతి ముడుచుకునే మనిషికి పరాయి ఊరి సాంబారు అంత రుచిగా ఎలా ఉందో నాకు అర్థం కాలేదు. అక్కడ సరిగ్గా తినడం లేదనైనా అనుకోవాలి, లేకపోతే ఆడుతున్నానన్న సంతోషంలో ఏం తింటున్నారో మీకే తెలియడం లేదనైనా అనుకోవాలి. రెండోదే అయి ఉంటుంది.

మీరు నాలుగు సంగతులు అడిగారు. మూడింటికి ముందు జవాబు రాస్తాను. నాలుగోది రాయడానికి నాకు కొంచెం ధైర్యం కావాలి.

పేపర్లో పేరు పడిందా అని అడిగారు. పడింది. ఆటల పేజీలో అట్టడుగున, తలనొప్పి మాత్రల ప్రకటన పక్కన, 'రాజ్ రెండు వికెట్లు' అని వేశారు. సుందర్ రాజ్ అని పూర్తి పేరు వేస్తే వాళ్ల సిరా అయిపోతుంది కాబోలు. అత్తయ్య దాన్ని కత్తిరించి బైబిల్లో కీర్తనల దగ్గర పెట్టుకుంది. పక్కింటి చిట్టమ్మ కళ్లజోడు తెచ్చుకుని మరీ చదివి, "ఆ రాజ్ మీ రాజేనేటి? రాజ్‌లు సానామంది ఉంటారు కదమ్మా" అంది. మా రాజే, పదిహేనేళ్లుగా ప్రతి ఆదివారం కొబ్బరి పీచు చాప పరిచి ఈ ఊళ్లో బంతులేస్తున్న రాజే అన్నాను. ఆవిడకి కాఫీ ఇవ్వలేదు.

ఆ రెండు వికెట్ల గురించి మీరు మూడు పేజీలు రాశారు. రెండోవాడు ఎలా ఔటయ్యాడో బొమ్మ కూడా గీశారు. నాకు క్రికెట్ అంటే మీ తెల్ల ప్యాంట్ల తొడల మీద బంతి రుద్దిన ఎర్ర మరకలు ఉతకడమే గాని ఇంకేం తెలుసు? అయినా ఆ మూడు పేజీలూ ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. సంతోషంగా ఉన్నప్పుడు మీ అక్షరాలు పెద్దవైపోతాయి. పెళ్లి కుదిరాక రాసిన ఉత్తరాల తర్వాత మీ చేత్తో అంత పెద్ద అక్షరాలు మళ్లీ ఇప్పుడే చూశాను.

కాని ఒక సంగతి. మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా కెప్టెన్ మీకు బంతి ఎందుకివ్వలేదు? కుర్రాళ్లంతా అలసిపోయి, అవతలివాళ్లు ఇష్టమొచ్చినట్టు కొట్టేశాక మీ చేతికిస్తాడా? 'నా అనుభవం దాచుకుని వాడుకున్నారు' అని రాశారు. మీరు మంచివారు కాబట్టి అలా అనుకున్నారు. నాకైతే ఆయన మీద అనుమానంగానే ఉంది.

రెండోది, అత్తయ్య మోకాళ్లు. నొప్పి అలాగే ఉంది. పెందుర్తి నుంచి వచ్చిన మర్నాడే ఆవిడ నా వంటిల్లంతా సర్దేసింది, ఇప్పుడు ఉప్పు డబ్బా ఎక్కడుందో నాకు తెలియదు. మోకాళ్లు నొప్పిగా ఉన్న మనిషి పై అరలు ఎలా ఎక్కి సర్దిందో కూడా తెలియదు. సరే, ఆవిడ తోడుగా ఉండడం నాకూ ధైర్యంగానే ఉంది. ఆవిడ మాటల్లో అన్న ఇంకో సంగతి ఉంది. అది తర్వాత రాస్తాను.

మూడోది, వర్క్‌షాపులో ఏమనుకుంటున్నారు అని అడిగారు. మీ ఫోర్‌మన్ గారు మొన్న బజార్లో కనబడి సంతోషంగానే మాట్లాడారు. "రాజు మన పేరు నిలబెట్టీసినాడమ్మా" అన్నారు. వెంటనే గొంతు తగ్గించి, "ఎల్లాజీగాడి సంగతే బాగోలేదు. రాస్ట్రానికి ఆడినోణ్ణి పర్మనెంట్ సేత్తామని పైవోలు మాటిచ్చినారు. ఈడు ఆడక ముందే జబ్బ లాగీసుకున్నాడు. జనవరిలో క్యాజువలోల్ని తగ్గిత్తారంట, అందులో ఈడి పేరు ఉంటాదో ఏటో" అన్నారు. ఆ మాట విన్నాక నేను కొనాలనుకున్న కూరలు కొనకుండానే ఇంటికొచ్చేశాను.

మీ నాలుగో ప్రశ్న కూడా అదే కదా. 'ఎల్లాజీ భుజం ఎలా ఉంది? ఇంకా నొప్పేనా? జట్టు మేనేజరు గారు కూడా అడుగుతున్నారు, నయమైతే మద్రాసు మ్యాచ్‌కి వచ్చి కలవమంటున్నారు' అని రాశారు. ఉత్తరం మొత్తంలో ఈ నాలుగు మాటలే చిన్న అక్షరాల్లో ఉన్నాయి. మిగతాదంతా ఒకలా ఉంది, ఇది ఒకలా ఉంది. వాడికి నయమవ్వాలని అడిగారా, అవ్వకూడదని అడిగారా అన్నది నేను రెండు రోజులు ఆలోచించాను. కట్టుకున్నవాడి గురించి ఇలా ఆలోచించడం మంచిది కాదని తెలుసు. కాని ఆలోచించాను.

నా అనుమానం మీరు బయల్దేరిన రోజు నుంచీ ఉంది. మీ ప్యాంటు ఉతకడానికి తీస్తే మడతల్లోంచి గుప్పెడు ఇసక రాలింది. ఆ ముందు ఆదివారం మీరు పెందుర్తిలో మరిది గారి స్నేహితుడి బాప్తిస్మానికి వెళ్తున్నానని చెప్పి వెళ్లారు. పెందుర్తిలో ఇసకెక్కడిది? అప్పటికి ఊరుకున్నాను. అత్తయ్య వచ్చాక మాటల్లో, "బాప్తిస్మానికి పెద్దోడు వస్తాడని ఎంత చూశామో, రానేలేదు" అంది. నేను ఏమీ తెలియనట్టు పప్పు రుబ్బుతూ కూర్చున్నాను. ఎల్లాజీ యారాడలో వల లాగుతూ భుజం పట్టేసుకున్నది కూడా ఆ ఆదివారమే. ఆ సంగతి మీరు నాకు సోమవారం సాయంత్రం, ఎవరో చెప్తే అప్పుడే తెలిసినట్టు చెప్పారు.

నా వైపు నుంచి కూడా ఒక భయం ఉంది. ఆ ముందు శుక్రవారం స్త్రీల ప్రార్థనలో ఒక్కొక్కరూ లేచి తమ తమ మనవులు చెప్పుకుంటుంటే, నా వంతు వచ్చినప్పుడు నేను అందరి ముందూ గట్టిగా, 'ప్రతి ఏడూ నా భర్త పేరు అదనపు ఆటగాళ్లలోనే ఉండిపోతోంది, ఈ ఏడైనా ఆ జట్టులో ఆయనకి ఒక చోటు ఖాళీ చెయ్యి ప్రభువా' అని ప్రార్థించాను. మూడో రోజుకల్లా చోటు ఖాళీ అయ్యింది. చిట్టమ్మ చర్చి మెట్ల మీద, "నీ పేర్దన బలే గట్టిది దేవకుమారీ, ఆ పిల్లోడి జబ్బ ఊడొచ్చీసింది" అంది. నవ్వుతూనే అంది. ఆ రోజు నుంచి నేను దేవుడి ముందు మోకరిస్తే ఏం అడగాలో తెలియక లేచి వచ్చేస్తున్నాను.

అందుకని సోమవారం పొద్దున్నే యారాడ వెళ్లాను. మీకు చెప్పకుండా, అత్తయ్యకి చెప్పకుండా వెళ్లాను. సింధియా దాకా బస్సులో వెళ్లి, అక్కణ్ణుంచి కొండ ఎక్కి దిగాను. కాపడం పెట్టడానికి నూనె సీసా ఒకటి సంచిలో వేసుకున్నాను. వాడి భుజం మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, వాళ్లమ్మ గంగాలమ్మని క్షమించమని అడిగి వచ్చేద్దామనుకున్నాను.

నేను వెళ్లేసరికి ఒడ్డున పెద్ద వల లాగుతున్నారు. రెండు తాళ్లకీ మనుషులు బారులు తీరి ఉన్నారు. ఎవర్నో అడుగుదామని దగ్గరికి వెళ్లానో లేదో, ఒక ముసలాయన, "ఏటమ్మా అలా నిల్సున్నావు? వల లాగుతన్నప్పుడు ఒడ్డునున్నోలు సేతులు కట్టుకు నిల్సోకూడదు, తాడట్టుకో" అని కసిరాడు. అక్కడి పద్ధతి అదని మీరే ఒకప్పుడు చెప్పారు. ఊరివాళ్లయినా, పనిమీద వచ్చినవాళ్లయినా ఆ కాసేపు తాడు పట్టాల్సిందే. చెప్పులు విడిచి, కొంగు దోపుకుని, ఖాళీ ఉన్నచోట తాడు పట్టుకున్నాను. నా ముందున్నవాడి వీపు చూశాను. ఎల్లాజీ.

చొక్కా లేదు. రెండు చేతులతో లాగుతున్నాడు. అడుగు వెనక్కి వేసినప్పుడల్లా ఆ కుడి భుజం ఎలా కదులుతోందో చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్నుంచి చూశాను. నాకు ఆట తెలియదు గాని నొప్పి తెలుసు. ఆ భుజంలో నొప్పి లేదు. ఏనాడూ లేదు.

వల ఒడ్డుకొచ్చాక వాడు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. పారిపోతాడేమో అనుకున్నాను. పారిపోలేదు. తల దించుకుని, ఎప్పట్లా అక్క వరసలోనే, "అప్పా, నువ్వేటి ఇక్కడ?" అన్నాడు.

"నీ నొప్పి ఎప్పుడు తగ్గింది రా?" అన్నాను.

"నొప్పంటూ ఉంటే కదప్పా తగ్గడానికి."

తర్వాత పడవ నీడన కూర్చుని వాడే చెప్పాడు. వాడి మాటలు వాడన్నట్టే రాస్తున్నాను, నేనేమీ కలపలేదు.

"ఆ ఆదివారం బావొచ్చినాడప్పా. మేం వల లాగుతన్నాం. ఏటో అడగాలని వొచ్చినాడు. ఏటి బావా అంటే, ఏం లేదురా ఊరికే అన్నాడు. సెప్పులిప్పీసి నా ఎనకాల తాడట్టుకున్నాడు. వల ఒడ్డుకొచ్చీదాకా మాటాడలేదు. ఎల్తన్నప్పుడు మాత్రం, ఈ ఏడు కాపోతే నాకు మరి లేదురా ఎల్లాజీ, అన్నాడు. అంతే. నన్ను ఆగిపోమని అన్లేదు. అమ్మతోడు, అన్లేదు."

"మరి అది అడగడం కాదేట్రా?" అన్నాను.

"బావ అడగలేదప్పా" అని మళ్లీ అదే మాట అన్నాడు. "నాకు బంతి అట్టుకోడం నేర్పినోడు బావ. బూట్లు కొన్నోడు బావ. పనిలో ఎట్టించినోడు బావ. నాకింకా ఏళ్లున్నాయి. ఓ రెండాటలు ఆడీసి రానీ అనుకున్నాను. మర్నాడు జబ్బ లాగీసిందని కెప్టెన్‌కి సెప్పీసినాను."

నీ ఉద్యోగం సంగతేమిటి అని అడిగాను. దానికి జవాబు చేపలు ఏరుతున్న గంగాలమ్మ చెప్పింది. నేను వచ్చినప్పట్నుంచీ ఆవిడ నా మొహం చూడలేదు, అప్పుడు చూసింది. "ఏటుంటాది సంగతి? జనవరిలో పని తీసీసేత్తే ఈ తాడే. ఈడి బాబు ఈ తాడు లాగే సచ్చిపోనాడు. కనీసం ఈడైనా ఈ తాడు వొగ్గీసి పోతాడని నాను సూసినాను" అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా నా సంచిలో ఒక చేపల కుప్ప వేసింది. తాడు పట్టినవాళ్లకి వాటా ఇవ్వకుండా పంపరట.

ఇంటికొచ్చి ఆ చేపలు వండలేకపోయాను. అత్తయ్యే వండింది. నేను కూర్చుని ఒకే ఒక్క సంగతి గుర్తు చేసుకున్నాను.

మీరు బయల్దేరడానికి ముందు మంగళవారం ఎల్లాజీ మనింటికి వచ్చాడు. కుడి చెయ్యి తువ్వాలతో మెడకి కట్టుకుని వచ్చాడు. నేను అయ్యో అని కంగారు పడి, నూనె కాచి, మిమ్మల్ని పిలిచాను. మన వీధిలో ఏ కుర్రాడికి వేలు బెణికినా, మడమ వాచినా మీరే పట్టి చూస్తారు. బల్ల మీద కూర్చోబెట్టి, వేళ్లతో నొక్కి, ఇక్కడా అక్కడా అని అడిగి గాని వదలరు. అలాంటిది ఆ రోజు మీరు దొడ్లోకి వెళ్లిపోయారు. తీగ మీద బట్టలు ఆరేస్తూ నిలబడ్డారు. మన పెళ్లయ్యాక మీరు బట్టలు ఆరేయడం నేను చూసింది అదే మొదలు. వాడు వెళ్లేదాకా లోపలికి రాలేదు. పట్టి చూస్తే మీకు తెలిసిపోతుందని మీరు పట్టి చూడలేదు. అవునా?

కాదని మీరు రాయొచ్చు. రాస్తే చదువుతాను. కాని మీ మీద నాకు కోపం ఏమంతగా లేదని కూడా తెలుసుకోండి. మీరు అడగాలని వెళ్లి అడగలేకపోయారు. ఆ మాట విన్నప్పుడు ఇసకలో నిలబడి నాకు మీ మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. ముప్పై అయిదేళ్లొచ్చిన మనిషి, కొండ దాటి వెళ్లి, ఒక పిల్లాడి ముందు నోరు తెరిచి, సిగ్గుపడి మూసేసుకుని, ఊరికే తాడు లాగి వచ్చేశారు. కాని అడక్కపోయినా వాడిస్తే తీసుకున్నారు. నేను కూడా తీసుకున్నాను. దేవుడే ఇచ్చాడని సంఘంలో కృతజ్ఞత చెప్పి అందరికీ బూందీ పంచాను.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యలేదు. మీ చేతికి ఇచ్చినవాడు ఎల్లాజీయే, ఇప్పుడు మీ ఎదురుగా నిలబడి ఉంటాడు. నిన్న మళ్లీ యారాడ వెళ్లి గంగాలమ్మతో మాట్లాడి, ఇద్దరం కలిసి వాణ్ణి ఇవాళ్టి మద్రాసు మెయిలుకి ఎక్కిస్తున్నాం. బావకి ఎండు నెత్తళ్ల చేపలు, క్రిస్మస్‌కి కుట్టించిన కొత్త చొక్కా ఇచ్చి ఒకపూట ఉండి వచ్చెయ్యమని చెప్పాం. వాడు అంతే అనుకుంటున్నాడు. ఆ సంచి అడుగున, చొక్కా కింద, వాడి బూట్లున్నాయి. వాళ్లమ్మే సున్నం పూసి, కొత్త తాళ్లు కట్టి పెట్టింది. ఈ సంగతి వాడికి తెలియదు.

నాకు మీరు ఆడాలనే ఉంది. అది కూడా దాచకుండా రాస్తున్నాను. శనివారం మద్రాసులో మీరు ఆ మైదానంలోకి దిగాలని, ఈసారి పొద్దున్నే మీ చేతికి బంతి ఇవ్వాలని, మీ దగ్గర్నుంచి ఇంకో పెద్ద అక్షరాల ఉత్తరం రావాలని నాకు ఎంత ఉందో ఆయనకే తెలుసు. ఇది రాస్తుంటే ఏడుపు ఆగడం లేదు, అక్షరాలు చెదిరితే ఏమీ అనుకోకండి. మీరు ఏం చేసి వచ్చినా నేను స్టేషనుకి వస్తాను. ఎందుకు అలా చేశారని ఎప్పుడూ అడగను.

మేనేజరు గారు అడిగితే వాడు నొప్పిగానే ఉందంటాడు. మీరడిగినా అదే అంటాడు, వాడు మొండివాడు. అందుకని వాణ్ణి ఏమీ అడక్కండి. బల్ల మీద కూర్చోబెట్టి, వాడి భుజం మీద చెయ్యి వేసి చూడండి.

ఇట్లు,
మీ భార్య
దేవకుమారి